రెక్కలున్నవన్నీ చీమలు కావు

వాన వెలిసిన సాయంత్రం. వరండాలో లైటు వేసి, వంటింట్లో చారుకు తాళింపు పెడుతుంటారు. ఇంతలో ఎక్కణ్ణుంచి వస్తాయో గానీ బిలబిలమంటూ రెక్కల పురుగులు! లైటు చుట్టూ గిర్రున తిరుగుతాయి. గోడ మీద వాలతాయి, చారులో పడతాయి, పిల్లల పుస్తకాల్లో దూరతాయి. మనం విసుక్కుంటూ లైటు తీసేసి చీకట్లో కూర్చుంటాం. తెల్లారేసరికి గుమ్మం దగ్గర గుప్పెడు రెక్కలు మిగిలి ఉంటాయి. చీపురు తెచ్చి ఊడ్చి అవతల పారేస్తాం. అంతేనా?

నేనూ అంతే చేసేదాన్ని. మా అమ్మా అంతే చేసేది. అలా ఊడ్చి పారెయ్యడం వల్ల మా ఇంట్లో డబ్బిచ్చినా తిరిగిరాని వస్తువొకటి పోయింది. ఆ తర్వాత చాలా ఏళ్ళకు, అదే భయంతో, అవసరం లేని విషాన్ని చేతులారా ఇంట్లో పోయించబోయాను. రెండుసార్లూ నేను చేసిన తప్పు ఒకటే. రెక్కలు చూశానే తప్ప పురుగును చూడలేదు. మీకలా జరగకూడదనే ఈ నాలుగు మాటలు రాస్తున్నాను.

మా పుట్టిల్లు నెల్లూరు నుంచి మైపాడు సముద్రానికి వెళ్ళే దారిలో ఓ పల్లె. మన జిల్లాకు అసలు వానలు అక్టోబరు నుంచి డిసెంబరు దాకా. ఈశాన్య ఋతుపవనాలు వచ్చాయంటే ఇసక నేల కూడా చిత్తడై పోతుంది. అలాంటి రోజుల్లో ఒకసారి మా వసారా గదిలో, గోడ బీరువా కింద, దర్వాజా మొదట్లో సన్నటి పగులులోంచి రెక్కల పురుగులు బారులు తీరి బయటికి వచ్చాయి. నేను కేక పెట్టాను. అమ్మ వచ్చి చూసి, "వానకొచ్చిన రెక్కల చీమలు లేమ్మా, వాటి దారిన అవే పోతాయి. ఊడ్చిపారెయ్" అంది. ఊడ్చేశాను.

అమ్మ అలా అనుకోవడంలో వింతేమీ లేదు. చెదలంటే తెల్లగా, మెత్తగా, గుడ్డిగా ఉంటాయని మనందరికీ తెలుసు. ఇవేమో ముదురు గోధుమరంగులో, దాదాపు నల్లగా, రెక్కలతో ఉన్నాయి. కాబట్టి చీమలే అనుకుంది. మరుసటేడు వానలకూ అవే వచ్చాయి. మళ్ళీ ఊడ్చేశాం.

ఆ పై సంవత్సరం మా చెల్లెలి పెళ్ళి కుదిరింది. అరిసెల పాకం లెక్క చూసుకుందామని అమ్మ తన పాత పుస్తకం కోసం గోడ బీరువా తెరిచింది. అడుగు అరలో, బట్టల కింద ఉండేది ఆ పుస్తకం. అట్ట వేసిన పొడుగాటి నోట్‌బుక్కు. మానిక బియ్యానికి బెల్లమెంత, వంద గూడూరు నిమ్మకాయలకు ఉప్పెంత, బొమ్మిడాయిల పులుసులో మామిడికాయ ముక్కలు ఎప్పుడు వెయ్యాలి, ఇవన్నీ వాళ్ళమ్మ చెప్పగా ఇంకుపెన్నుతో రాసుకుంది. వెనక పేజీల్లో మేం ముగ్గురం పుట్టిన తిథి, నక్షత్రం, ఘడియలు. పైకి అట్ట చెక్కుచెదరలేదు. తెరిచి చూస్తే లోపల కాగితం లేదు. తడి మన్ను, అందులో కదులుతున్న తెల్లటి పురుగులు. అరకు వేసిన చెక్కను వేలితో నొక్కితే వేలు లోపలికి దిగిపోయింది.

అమ్మ ఏడవలేదు. ఆ అట్టను దులిపి, కొంగుతో తుడిచి, అలాగే పక్కన పెట్టుకుంది. పెళ్ళి అరిసెలు మాత్రం చేతి అంచనాతోనే చేసింది. బాగానే వచ్చాయి. కానీ అమ్మ పోయాక, నిమ్మకాయ ఊరగాయ పెట్టినప్పుడల్లా నాకు ఆ లెక్క దొరకదు. ఒక ఏడు ఉప్పెక్కువ, ఒక ఏడు బూజు.

ఇది మొదటి కథ. ఇక రెండోది వినండి.

2021 నవంబరులో పెన్నకు వరదొచ్చి, పడుగుపాడు దగ్గర రైలు పట్టాల మీదుగా నీళ్ళు పారి రైళ్ళు ఆగిపోయిన సంగతి మీకు గుర్తుండే ఉంటుంది. ఆ వానలు కాస్త తెరిపి ఇచ్చిన ఒక మధ్యాహ్నం మా పెరట్లో మందారచెట్టు మొదట్లో నేల కదులుతున్నట్టు కనిపించింది. దగ్గరికి వెళ్తే వందలకొద్దీ రెక్కల పురుగులు మట్టి కన్నంలోంచి పైకి వస్తున్నాయి. నా గుండె ఝల్లుమంది. అమ్మ పుస్తకమే కళ్ళ ముందు కనిపించింది. చెట్టుకు ఎనిమిది అడుగుల దూరంలోనే ఇంటి గోడ. గోడకు అవతల నా బీరువా, కోడలి పట్టుచీరలు, ఇంటి కాగితాలు.

ఆలోచించకుండా మందు కొట్టే వాళ్ళకు ఫోను చేశాను. ఒకబ్బాయి వచ్చాడు. పెరటి గుమ్మంలోనే నిలబడి అటు ఓ చూపు చూసి, "చెదలేనమ్మా, ఆలస్యం చేస్తే ఇల్లు తినేస్తాయి. ఇంటి చుట్టూ, పెరడంతా మందు దించాలి" అని ఇరవై రెండు వేలు చెప్పాడు. నేను తలూపేశాను. అప్పుడు నా మనవడికి తొమ్మిది నెలలు, ఇల్లంతా పాకుతూ చేతికందింది నోట్లో పెట్టుకునే వయసు. చెట్టుకు ఇంకోపక్క పది అడుగుల్లో మా చేదబావి. అవేవీ నాకు గుర్తు రాలేదంటే నమ్ముతారా?

మర్నాడు పొద్దున మాకు చేపలు తెచ్చే అవ్వ వచ్చింది. ఆమె యానాది. చిన్నప్పుడు వానాకాలం రాత్రుళ్ళు వాళ్ళమ్మతో కలిసి పుట్టల దగ్గర దీపం పెట్టి, కుండల్లో ఉసిళ్ళు పట్టి, వాటిని వేయించి బొరుగుల్లో కలుపుకుని తిన్న మనిషి. నా మొహం చూసి, "ఏందమ్మాయ్, అట్టా ఉండావు?" అని అడిగింది. సంగతి చెప్పాను. అవ్వ గంప దించి మందారచెట్టు దగ్గరికి వెళ్ళింది. రెక్కల పురుగునొకదాన్ని పట్టుకుని, అరచేతిలో పెట్టి నాకు చూపించింది.

"ఇవి ఉసిళ్ళు కాదమ్మాయ్. గండుచీమలు. నడుం చూడు, ఎట్టా తెగిపోయేట్టు ఉండాదో! ఉసిలికి నడుం యాడ ఉండాది? దీనికా నువ్వు అంత దుడ్డు పోసేది?"

నిజమే! ఆ పురుగుల మధ్యలోనే రెక్కల్లేని పెద్ద నల్ల గండుచీమలు హడావుడిగా తిరుగుతున్నాయి. అవి ఆ పుట్టింటివాళ్ళు, ఇవి కాపురానికి వెళ్ళే పిల్లలు. అబ్బాయి కూడా అది చూడలేదు, నేనూ చూడలేదు. వెంటనే ఫోను చేసి మందు వద్దని చెప్పేశాను. ఆ తర్వాత నాలుగు పుస్తకాలు తిరగేసి, మనవడి బొమ్మల పెట్టెలో ఉన్న భూతద్దంతో చీమనూ, లైటు దగ్గర పడ్డ ఉసిలినీ పక్కపక్కన పెట్టి చూశాను. అవ్వ చెప్పింది అక్షరాలా నిజం. మీరూ చూడొచ్చు. ఒక తెల్ల పింగాణీ పళ్ళెం చాలు.

మొదట నడుము చూడండి. చీమకు ఛాతీకీ పొట్టకూ మధ్య దారం కట్టి బిగించినట్టు సన్నటి నడుముంటుంది. ఉసిలికి, అంటే రెక్కల చెదపురుగుకి, నడుమే కనిపించదు. తల వెనక నుంచి తోక దాకా ఒకే లావు, బియ్యపుగింజలా.

రెండోది రెక్కలు. రెండింటికీ నాలుగేసి రెక్కలే. చీమకు ముందు రెక్కలు పొడుగు, వెనక రెక్కలు పొట్టి. ఉసిలికి నాలుగూ ఒకే పొడుగు, ఒంటికంటే ఎంతో పొడవుగా తోక దాటి వేలాడుతుంటాయి. వేలు తగిలితే ఊడి వస్తాయి. పొద్దున గుమ్మం దగ్గర ఒకే కొలతలో ఉన్న రెక్కలు కుప్పగా కనిపించాయంటే అవి ఉసిళ్ళవే అనుకోవచ్చు. పురుగు దొరక్కపోయినా రెక్కలే చెప్పేస్తాయన్నమాట. ఊడ్చే ముందు చూడమనేది అందుకే.

మూడోది మీసాలు. చీమ మీసం మన మోచెయ్యిలా మధ్యలో వంగి ఉంటుంది. ఉసిలి మీసం తిన్నగా, సన్న పూసలు గుచ్చిన దండలా ఉంటుంది. దీనికి భూతద్దం కావాలి.

ఇంకో గుర్తు కూడా ఉంది. ఉసిళ్ళన్నీ ఇంచుమించు ఒకే సైజు. రెక్కల చీమల్లో పెద్దవీ చిన్నవీ కలిసి వస్తాయి. పెద్దవి రాణులు కావలసిన ఆడవి, చిన్నవి మగవి.

చూడ్డానికి ఇంత దగ్గరగా ఉన్నా ఈ రెండిటికీ చుట్టరికమే లేదు. చీమలు కందిరీగలకూ తేనెటీగలకూ బంధువులు. చెదలేమో బొద్దింకల వంశం! 2007లో లండన్‌లోని సహజ చరిత్ర మ్యూజియం శాస్త్రవేత్తలు జన్యువులు పోల్చి చూసి, చెదలకు వేరే క్రమం అక్కర్లేదు, ఇవి గుంపులు కట్టి బతకడం నేర్చిన బొద్దింకలేనని తేల్చారు.

వీటి పెళ్ళిళ్ళు కూడా వేరే తీరు. గాలిలో ఎగిరి వచ్చిన ఉసిళ్ళు నేల మీద వాలి రెక్కలు రాల్చుకున్నాక, ఆడది ముందు, మగది వెనక, ఒకదాన్నొకటి అంటిపెట్టుకుని నడుస్తాయి. కొంగుముడి వేసినట్టే ఉంటుంది చూస్తే. ఇద్దరూ కలిసి మట్టిలో గది తవ్వుకుంటారు. రాజు, రాణి జీవితాంతం కలిసే ఉంటారు. చీమల్లో అలా కాదు. మగచీమ పెళ్ళవగానే చచ్చిపోతుంది. రాణి ఒంటరిగా నేలలోకి వెళ్ళి, తన రెక్కలు తానే ఊడదీసుకుని, కన్నం మూసుకుంటుంది. గండుచీమల వంటి జాతుల్లో ఆ రాణి తిండికి కూడా బయటికి రాదు. ఇక ఎగిరే పని లేదు కాబట్టి రెక్కలను ఆడించిన కండ కరిగించుకుని, దాంతోనే మొదటి బిడ్డల్ని పోషిస్తుంది. ఇది చదివాక గండుచీమను చూసే నా చూపే మారిపోయింది.

సరే, గుర్తుపట్టారు. తర్వాత ఏం చెయ్యాలి?

అవి చీమలైతే కంగారు వద్దు. గండుచీమలు చెక్కను తినవు. వాటికి కావలసింది తీపి, చచ్చిన పురుగులు. మందారం మీదా, జామ మీదా చేరే పిండిపురుగు విడిచే తియ్యటి జిగురు కోసం చెట్టెక్కుతాయి. ఆ పిండిపురుగును నీళ్ళధారతో కడిగేస్తే చీమల రద్దీ తగ్గుతుంది. పెళ్ళి గుంపు పొద్దుపోయేలోగా తనే సర్దుకుంటుంది. సగం కాకులకూ గోరింకలకూ పోతుంది. మావిడిచెట్టు మీద ఆకులు కుట్టి గూడు కట్టే ఎర్రచీమలకూ రెక్కల రాణులుంటాయి. అవి ఆకుపచ్చగా ఉంటాయంటే మీరు ఆశ్చర్యపోతారు. ఇంకో ముఖ్యమైన మాట, చెదలకు అతి పెద్ద శత్రువు చీమే. నేను ఆ రోజు పెరడంతా మందు దించి ఉంటే, చెదలను తినే కాపలావాళ్ళను చంపించి, పైగా డబ్బిచ్చి ఉండేదాన్ని.

అవి ఉసిళ్ళయితే? అప్పుడూ కంగారు పడకుండా ఒక్క ప్రశ్న వేసుకోండి. ఎక్కణ్ణుంచి వచ్చాయి? బయట చీకట్లోంచి లైటు కోసం వస్తే మీ ఇంటికి చెద పట్టినట్టు కాదు. మన దేశంలో దాదాపు 300 రకాల చెదలున్నాయి. వాటిలో ఇళ్ళ జోలికి వచ్చేవి కొన్నే, మిగతావి చేలల్లో, తోటల్లో రాలిన ఆకూ పుల్లా తిని నేలకు సత్తువనిచ్చేవి. కాసేపు లైట్లు ఆర్పి, వరండాలో ఒక్క దీపం కింద నీళ్ళ పళ్ళెం పెట్టండి. అందులో పడిపోతాయి. వాటి మీద స్ప్రే కొట్టడం వృథా, ఎందుకంటే ఎగిరే ఉసిలి చెక్కను కొరకదు.

ఇంట్లోంచే, అంటే దర్వాజా పగుల్లోంచో, గచ్చు బీటల్లోంచో, గోడ మూలలోంచో బయటికి వస్తుంటే మాత్రం ఊడ్చేసి ఊరుకోవద్దు. చెదగూడు పెట్టిన కొన్నేళ్ళకు గానీ రెక్కల పిల్లల్ని పంపదు. కాబట్టి మీకు కనిపించేసరికే కింద పెద్ద సంసారం నడుస్తోందని అర్థం. మా ఇంట్లో ఆ పగులు ఇచ్చిన కబురు అదే. మేం రెండేళ్ళు వినిపించుకోలేదు.

అప్పుడు గోడల మొదట్లో, దర్వాజాల వెనక, బీరువా వెనక చూడండి. పెన్సిలంత లావున మట్టి గీతలుంటాయి. చెదలు వెలుతురునూ, పొడిగాలినీ తట్టుకోలేవు, అందుకని మట్టితో సొరంగం కట్టుకుని అందులో నడుస్తాయి. ఒకచోట అంగుళం మేర గీకి, గుర్తు పెట్టుకోండి. రెండు మూడు రోజుల్లో మళ్ళీ కట్టేశాయంటే గూడు బతికే ఉంది. చెక్కను వేలి కణుపుతో కొట్టి చూడండి, డొల్ల చప్పుడొస్తే లోపల తినేసినట్టే. గోడకు ఆనించిన కట్టెలు, అట్టపెట్టెలు, పాత పేపర్లు తీసేయండి. కారే కొళాయి బాగుచేయించండి. తేమ ఉన్న చోటే వాటికి ఇష్టం.

మందు పెట్టించక తప్పదనుకుంటే పైపైన కిరసనాయిలు పూసి సంతోషపడొద్దు, గూడు కింద క్షేమంగానే ఉంటుంది. పని తెలిసినవాళ్ళు గోడా గచ్చూ కలిసే చోట కన్నాలు వేసి మందును నేలలోకి దించుతారు. కట్టిన ఇళ్ళకు ఆ పని ఎలా చెయ్యాలో ఐ.ఎస్. 6313 మూడో భాగంలో భారతీయ ప్రమాణాల సంస్థ నియమాలు రాసిపెట్టింది. 1968 నాటి క్రిమిసంహారక మందుల చట్టం కింద లైసెన్సుందా, ఏ మందు, ఎంత పాళ్ళలో, బావికి ఎంత దూరంలో అని అడగండి. కాగితం మీద రాయించుకోండి. ఇంట్లో పసిపిల్లలున్నారనీ, చూలాలుందనీ ముందే చెప్పండి. అన్నిటికంటే ముందు, వచ్చిన మనిషిని వంగి పురుగును చూడమనండి. చూడకుండా ధర చెప్పేవాళ్ళకు నమస్కారం పెట్టి పంపించెయ్యండి.

ఒకప్పుడు మనందరి ఇళ్ళల్లో డబ్బాల కొద్దీ గమాక్సిన్ పొడి ఉండేది. చీమ కనిపిస్తే చల్లడమే. బియ్యం మూట చుట్టూ కూడా చల్లేవాళ్ళం. ఆ పొడిలో ఉండే బి.హెచ్.సి.ని మన ప్రభుత్వం 1997లో నిషేధించింది. అది ఏళ్ళ తరబడి నేలలో, పాలలో, మన ఒంటి కొవ్వులో నిలిచిపోయే విషం. అటక మీద పాత డబ్బా ఏదైనా మిగిలి ఉంటే చేత్తో ముట్టకండి, చల్లకండి, కాలవలో పొయ్యకండి. ప్రమాదకరమైన చెత్తగా విడిగా మున్సిపాలిటీ వాళ్ళకు అప్పగించండి.

ఇంత చెప్పాక చెదలంటే పగ పెంచుకుంటారేమో, అదీ వద్దు. చీమలు పుట్ట పెడితే పాములు చేరతాయని సామెతలో అంటాం గానీ, ఆ పుట్టలు కట్టేది చీమలు కాదు, చెదలే. కార్తీకమాసంలో నాగులచవితినాడు మనం పాలు పోసేది చెదలు కట్టిన మట్టింటికే. ఆ పుట్ట లోపల అవి నమిలి తెచ్చిన ఆకూ పుల్లా పేర్చి, దాని మీద బూజు పంట పండించుకుంటాయి. ఆ పంటే వానలకు పైకి మొలిచి గొడుగు విప్పుతుంది. పుట్టగొడుగు అని మన పెద్దలు పేరు పెట్టింది ఎంత చూసి పెట్టారో చూడండి! (తెలిసినవాళ్ళు కోసి ఇస్తే తప్ప ఏ గొడుగునూ వండకండి సుమా.)

ఇప్పుడు నేనూ ఒక పుస్తకం మొదలుపెట్టాను. అమ్మ చేతి వంటల్లో గుర్తున్నంత మటుకు రాసి, మూత బిగుతుగా పట్టే స్టీలు డబ్బాలో, పై అరలో పెట్టాను. నిమ్మకాయల లెక్క చోట ఒక పేజీ ఖాళీగా వదిలాను. పిన్నమ్మ ఎప్పుడైనా గుర్తు తెచ్చుకుని చెబుతుందని ఆశ. పుస్తకం మొదటి పేజీలో మాత్రం పారదర్శకంగా ఉండే టేపుతో ఒక చీమ రెక్కల జత, ఒక ఉసిలి రెక్కల జత పక్కపక్కనే అంటించి, కింద పేర్లు రాశాను. నా కోడలు చూసి, "ఇదేంటత్తయ్యా, వంటల పుస్తకంలో పురుగుల రెక్కలేంటి?" అని నవ్వింది. కథంతా చెప్పాను. ఈ వానలకు గుమ్మం దగ్గర రెక్కలు కనిపించగానే, నేను లేచేలోపే పళ్ళెంలో వేసి తెచ్చింది. "నాలుగూ ఒకే పొడుగున్నాయత్తయ్యా, ఉసిళ్ళే. కానీ బయటి లైటు కిందే పడి ఉన్నాయి, లోపల పగుళ్ళేవీ లేవు, చూశాను" అంది.

నాకంతకంటే ఏం కావాలి? మీరు కూడా ఈసారి వాన వెలిశాక చీపురు అందుకునే ముందు, ఒక్క నిమిషం వంగి చూస్తారు కదూ!